కీవర్డ్ ఎన్నిసార్లు రాస్తే గూగుల్‌లో పైకి వస్తాం?

వెబ్‌సైట్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కీవర్డుల మీదే, అంటే జనం గూగుల్‌లో కొట్టి వెతికే మాటల మీదే. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం. జవాబుల్లో గూగుల్ పేరే రాశాం గానీ బింగ్‌కూ చాలావరకు ఇవే వర్తిస్తాయి.

ప్రశ్న: మాది పూతరేకుల వ్యాపారం. వెబ్‌సైట్ పెట్టి రెండేళ్లయింది. 'ఆత్రేయపురం పూతరేకులు' అనే మాట పేజీలో మూడు శాతం ఉండాలని సైట్ చేసిచ్చిన అబ్బాయి చెప్పాడు. నాలుగు వందల మాటల్లో పన్నెండుసార్లు రాయించాడు. మొదట్లో ఆర్డర్లు బాగానే వచ్చేవి. ఇప్పుడు గూగుల్‌లో మూడో పేజీకి పోయాం. శాతం పెంచాలా, తగ్గించాలా?
– వ్యాపారి, రావులపాలెం

జవాబు: ఆ శాతం లెక్కే పక్కన పెట్టేయండి. పేజీలో కీవర్డ్ ఇంత శాతం ఉండాలని గూగుల్ ఏనాడూ చెప్పలేదు. రెండు శాతం, మూడు శాతం అన్నవి సైట్లు చేసేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు విని చెప్పుకునే అంకెలు.

ఒకే మాట పదేపదే రాస్తే లాభం ఎందుకు ఉండదో లెక్కతోనే చూద్దాం. సెర్చ్ ఇంజిన్ల వెనకున్న శాస్త్రంలో బీఎం25 అనే పాత సూత్రం ఒకటుంది. పాఠ్యపుస్తకాల్లో అచ్చయినదే, ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. గూగుల్ సరిగ్గా దీన్నే వాడుతుందని మేం అనడం లేదు, దాని లెక్కలు ఇంతకంటే చాలా పెద్దవి. కానీ ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందన్నదానికి విలువ ఎలా కడతారో ఇందులో తేటగా కనిపిస్తుంది. మామూలుగా వాడే విలువలతో (సూత్రంలో కె1 అనే అంకెకు 1.2 పెట్టి, పేజీ సగటు పొడుగుదే అనుకుందాం) మాట ఒకసారి వస్తే 1 మార్కు. రెండుసార్లకు 1.38. అయిదుసార్లకు 1.77. పదిసార్లకు 1.96. ఇరవైసార్లకు 2.08. వెయ్యిసార్లు రాసినా 2.2 దాటదు. మొదటి రెండుసార్లలోనే సగానికి పైగా వచ్చేసింది చూడండి. పదిని ఇరవై చేసినందుకు దక్కింది 0.1 పైచిలుకు, అంతే. పైగా పేజీ పొడుగు పెరిగేకొద్దీ ఆ సూత్రమే మార్కు తగ్గిస్తుంది.

దీనికి తోడు 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే పరిశోధకురాలు చూపించిన సంగతి ఇంకొకటి ఉంది: తక్కువ పత్రాల్లో కనిపించే మాటకు ఎక్కువ విలువ. 'బెస్ట్', 'నాణ్యమైన', 'తక్కువ ధర' అన్నవి అందరి పేజీల్లోనూ ఉంటాయి కాబట్టి వాటితో మీ పేజీ ప్రత్యేకంగా నిలబడదు. 'బెల్లం పూతరేకులు', 'షుగర్ ఫ్రీ పూతరేకులు', 'పూతరేకులు ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి' అన్న మాటలతో వెతికేవాళ్లకు మీ పేజీలో జవాబు దొరికిందా, అప్పుడు పని జరుగుతుంది.

లాభం లేకపోవడం ఒక ఎత్తు. మితిమీరితే నష్టమే. కీవర్డ్ స్టఫింగ్, అంటే పేజీలో కీవర్డులు కుక్కడం, గూగుల్ స్పామ్ నిబంధనల్లో పేరు పెట్టి చెప్పిన తప్పు. మీరు పంపిన మొదటి పేరా ఇది:

'ఆత్రేయపురం పూతరేకులు కొనాలనుకుంటున్నారా? నాణ్యమైన ఆత్రేయపురం పూతరేకులు తక్కువ ధరకు దొరికే ఏకైక ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్ షాప్ మాది. ఆత్రేయపురం పూతరేకులు ఇప్పుడే ఆర్డర్ చేయండి.'

మూడు వాక్యాలు, నాలుగుసార్లు అదే మాట. ధర లేదు, పెట్టెలో ఎన్నో లేదు, ఎప్పుడు చేరుతాయో లేదు. దీన్ని ఇలా మార్చి చూడండి (అంకెలు మీవి పెట్టుకోండి):

'నేతితో చేసిన ఆత్రేయపురం పూతరేకులు. బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్, మూడు రకాలు. పెట్టెకు పది. మధ్యాహ్నం లోపు ఆర్డర్ ఇస్తే మర్నాడు పొద్దున చుట్టి పంపుతాం. రేకు విరగకుండా గట్టి అట్టపెట్టెలో వస్తాయి. హైదరాబాద్‌కు రెండు రోజులు, బెంగళూరుకు మూడు రోజులు.'

అసలు మాట ఒక్కసారే వచ్చింది. అయినా 'బెల్లం', 'నెయ్యి', 'పెట్టె', 'హైదరాబాద్' అనే కొత్త మాటలు చేరాయి. వాటితో వెతికేవాళ్లకూ ఇప్పుడు ఈ పేజీ పనికొస్తుంది.

ఇక ఆ మాట తప్పకుండా ఉండాల్సిన చోట్లు. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే టైటిల్‌లో ఒకసారి, వీలైనంత ముందుగా. టైటిల్ పొడుగుకు గూగుల్ హద్దు ఏమీ పెట్టలేదు, కానీ ఫలితాల్లో తెర వెడల్పును బట్టి చివర తెగిపోతుంది. 'ఆత్రేయపురం పూతరేకులు: బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్' అని రాసి, చివర షాపు పేరు పెడితే సరి. టైటిల్ నిండా అదే మాట కుక్కితే గూగుల్ దాన్ని పక్కనపెట్టి, పేజీలోంచి తనకు నచ్చిన ముక్క తీసి చూపించవచ్చు. తర్వాత పేజీలోని పెద్ద శీర్షికలో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి. ఫొటోల ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫొటోకు కోడ్‌లో రాసే వివరణ) మాత్రం ఫొటోలో ఏముందో అదే రాయండి: 'విప్పిన బెల్లం పూతరేకు, లోపల బెల్లం పొడి'. పది ఫొటోలకూ 'ఆత్రేయపురం పూతరేకులు' అని పెడితే స్క్రీన్ రీడర్ వాడే చూపులేనివాళ్లకు ఏమీ అర్థం కాదు, గూగుల్‌కూ కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు అధీకృత వినియోగదారుగా నమోదై ఉంటే ఆ వివరం పేజీలో పెట్టండి. నమోదు కాకుండా ఆ ముద్ర మాత్రం వాడవద్దు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ర్యాంకు పడిపోవడానికి కారణం కీవర్డులేనని అనుకుని దిగవద్దు. గూగుల్ సెర్చ్ కన్సోల్ (మీ సైట్ వెతుకులాటల్లో ఎలా కనబడుతోందో గూగుల్ చూపే లెక్కల చోటు) తెరిచి, ఎడమవైపు 'మాన్యువల్ యాక్షన్స్' చూడండి. అక్కడ ఏమీ లేకపోతే గూగుల్ మనుషులెవరూ మీ సైట్‌ను చూసి శిక్ష వేయలేదని అర్థం. తర్వాత 'పర్ఫామెన్స్'లో తేదీల దగ్గర 'కంపేర్' ఎంచుకుని, గత మూడు నెలలను అంతకుముందు మూడు నెలలతో పోల్చండి. 'క్వెరీస్' (జనం వెతికిన మాటలు) వరసలో ఏ మాటకు ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ ఎన్నిసార్లు కనిపించింది) నిలబడి పొజిషన్ (ఎన్నో స్థానం) పడిందో, ఏ మాటకు ఇంప్రెషన్లే తగ్గాయో విడిగా రాసుకోండి. ఇంప్రెషన్లే తగ్గితే ఆ కాలంలో వెతికేవాళ్లే తగ్గి ఉండవచ్చు. పండుగ నెలలనూ మామూలు నెలలనూ పోల్చి కంగారు పడేవాళ్లు చాలామంది. అక్కడ 16 నెలల లెక్క ఉంటుంది కాబట్టి నిరుడు ఇదే నెలతో పోల్చడం మేలు.

ప్రశ్న: మా కాలేజీ సైట్‌కు ఏటా 'మెటా కీవర్డ్స్ అప్‌డేట్' అని విడిగా డబ్బు తీసుకుంటున్నారు. అవసరమా?
– పరిపాలనాధికారి, ఖమ్మం

జవాబు: అవసరం లేదు. మెటా కీవర్డ్స్ అంటే పేజీ కోడ్‌లో మనుషులకు కనబడకుండా ఉండే కీవర్డుల ట్యాగు. ర్యాంకింగ్‌కు ఆ ట్యాగును వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. మీ పేజీ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కితే కోడ్ కనిపిస్తుంది. అందులో 'కీవర్డ్స్' అనే మెటా ట్యాగు ఉంటే ఉండనీయండి, హాని లేదు, డబ్బు మాత్రం ఇవ్వకండి. దాని పక్కనే ఉండే 'డిస్క్రిప్షన్' వేరు. అదీ ర్యాంకు పెంచదు గానీ, ఫలితాల్లో టైటిల్ కింద రెండు వరుసలుగా కనిపించే అవకాశం ఉంది. దాన్ని చదివే క్లిక్ చేయాలా వద్దా అని మనుషులు తేల్చుకుంటారు. ఒక్కో కోర్సు పేజీకి ఒక్కో డిస్క్రిప్షన్, ఫీజు, సీట్లు, దరఖాస్తు గడువు వచ్చేలా రాయించండి. ఆ పనికైతే డబ్బు ఇవ్వవచ్చు.

ప్రశ్న: తెలుగు వంటల సైట్ నడుపుతున్నాను. జనం తెలుగు లిపిలో వెతుకుతారా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి వెతుకుతారా, అచ్చంగా ఇంగ్లీషులో వెతుకుతారా తెలియడం లేదు. మూడింటికీ మూడు పేజీలు పెట్టాలా? యూఆర్ఎల్ తెలుగులో ఉండొచ్చా? వర్డ్‌ప్రెస్‌లో నా యూఆర్ఎల్‌లు చివర తెగిపోతున్నాయి.
– గృహిణి, నిజామాబాద్

జవాబు: మూడు రకాలుగానూ వెతుకుతారు. ఏది ఎక్కువన్నది వంటకాన్ని బట్టి మారుతుంది, ఊహించకుండా మీ లెక్కల్లోనే చూసుకోండి. సెర్చ్ కన్సోల్ పర్ఫామెన్స్‌లో క్వెరీ ఫిల్టర్ పెట్టి ఒకసారి 'గోంగూర' అని తెలుగులో, ఒకసారి అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వండి. రెండింటి ఇంప్రెషన్లూ పక్కపక్కన రాసుకోండి. ఇంకా పేజీ పెట్టని వంటకమైతే, ఏ మాటను ఎక్కువ వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో రెండు రూపాలూ పోల్చవచ్చు, ఒకేసారి అయిదు మాటల దాకా ఇవ్వనిస్తుంది. దేశం భారత్ అని పెట్టి, కింద రాష్ట్రాల వారీగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఎలా ఉన్నాయో చూడండి.

మూడు పేజీలు మాత్రం వద్దు. ఒకే వంటకం తెలుగు లిపిలో ఒకసారి, అవే వాక్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో మరోసారి పెడితే ఆ రెండో పేజీని ఎవరూ చివరిదాకా చదవలేరు. పేజీ తెలుగులోనే ఉంచి, టైటిల్ చివర వంటకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కలపండి. చాలు. 'ఆవకాయ'ను ఇంగ్లీషులో ఒక 'ఎ'తో రాసేవాళ్లూ ఉన్నారు, రెండు 'ఎ'లతో రాసేవాళ్లూ ఉన్నారు. అన్ని స్పెల్లింగులూ పేజీ అడుగున వరసగా పేర్చాల్సిన పని లేదు, స్పెల్లింగ్ తేడాలను గూగుల్ చాలావరకు తనే కలుపుకుంటుంది.

లిపి కంటే మీరు ఎక్కువ పట్టించుకోవాల్సింది ప్రాంతాన్ని బట్టి మారే పేర్లను. మీ నిజామాబాద్‌లో పుంటికూర అంటారు, గుంటూరులో గోంగూర. పల్లీలు, వేరుశనగలు, శనక్కాయలు ఒకటే. సొరకాయ అన్నదాన్నే ఆనపకాయ అంటారు. స్పెల్లింగ్ తేడాల్లాగా వీటిని యంత్రం పట్టుకుంటుందిలే అని వదిలేయకండి. టైటిల్‌లో ఎక్కువమంది వాడే పేరు, మొదటి పేరాలో రెండోది: 'తెలంగాణలో పుంటికూర అని పిలిచే గోంగూరతో...' అని ఒక్క వాక్యం రాస్తే ఇద్దరికీ సరిపోతుంది. ఈ పని ఒక్కటీ చేస్తే చాలామంది వంటల సైట్లవాళ్లు డబ్బు పోసి కొనే కీవర్డు జాబితాల కంటే ఎక్కువ ఉపయోగం.

విభక్తుల గురించీ కొందరు అడిగారు. 'పచ్చడి' అని వెతికేవాళ్లకు 'పచ్చడిని', 'పచ్చడికి' అని ఉన్న పేజీ దొరకదేమోనని భయపడి 'గోంగూర పచ్చడి కోసం ముందుగా గోంగూర పచ్చడి కావలసిన పదార్థాలు' లాంటి తెలుగు కాని తెలుగు రాయకండి. టైటిల్‌లో, శీర్షికలో విభక్తి లేని రూపం ఉంటే మిగతాదంతా మామూలు తెలుగులో రాసుకోవచ్చు.

ఇక యూఆర్ఎల్, అంటే పేజీ చిరునామా. తెలుగులో ఉండొచ్చు, గూగుల్ చదువుతుంది. తెగిపోవడానికి కారణం వేరే ఉంది. కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తూ మూడు బైట్లు. యూఆర్ఎల్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది, అంటే ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది. ఇక్కడ అక్షరం, గుణింతం, పొల్లు, సున్న విడివిడిగా లెక్క. వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కు (యూఆర్ఎల్ చివర పేజీ పేరు ఉండే ముక్క) 200 అక్షరాలే హద్దు. 'గోంగూర పచ్చడి తయారీ విధానం' తీసుకోండి: 6, 6, 5, 6, మొత్తం 23 గుర్తులు. తొమ్మిదితో హెచ్చిస్తే 207, మధ్యలో మూడు గీతలు, 210. హద్దు దాటింది. 21 గుర్తుల దగ్గర 192 అవుతుంది, ఇంకొకటి చేరిస్తే 201, అందుకే అక్కడే ఆగిపోతుంది. మీ యూఆర్ఎల్ 'గోంగూర-పచ్చడి-తయారీ-విధా' దగ్గర తెగింది అందుకే. తెగినా పేజీ తెరుచుకుంటుంది, ర్యాంకుకు నష్టమూ లేదు. వాట్సాప్‌లో పంపితే మాత్రం శాతం గుర్తులతో బారెడు లింకు కనబడుతుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు. ఇకమీదట పెట్టే వంటలకు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటల స్లగ్ పెట్టుకోండి. పాతవాటిని కదపకండి. యూఆర్ఎల్‌లో ఉన్న మాటకు ర్యాంకింగ్‌లో విలువ నామమాత్రమేనని గూగుల్ తన మార్గదర్శకంలోనే రాసింది. ఆ నామమాత్రం కోసం ఉన్న లింకులు తెంచుకోవడం దండగ.

ప్రశ్న: మా సాహిత్య పత్రిక పాత సంచికలన్నీ పీడీఎఫ్‌లుగా సైట్‌లో పెట్టాం. లోపల ఉన్న వాక్యాన్నే గూగుల్‌లో కొట్టినా మా సైట్ రాదు. కీవర్డులు చాలకనా?
– సంపాదకవర్గ సభ్యుడు, అనంతపురం

జవాబు: కీవర్డుల లోపం కాదు. పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే అది యూనికోడ్, అంటే గూగుల్ చదవగలిగే అక్షరాల పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలు, విచిత్రమైన గుర్తులు కలిసి చెత్తగా వస్తే అది డీటీపీలో అను ఫాంట్ల వంటివాటితో కంపోజ్ చేసింది. ఆ ఫాంట్లలో కంటికి 'అమ్మ' అని కనిపించినా ఫైల్‌లో ఉన్నది వేరే సంకేతాలు, గూగుల్‌కు కనిపించేది ఆ సంకేతాలే. అసలేమీ కాపీ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ.

అను ఫాంట్ల రకానికి, కంపోజ్ చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకా ఉంటే పని సులువు. వాటిలోంచి టెక్స్ట్ తీసి యూనికోడ్ కన్వర్టర్‌లో పెట్టండి. మార్చాక ప్రూఫ్ తప్పనిసరి. వత్తులు, ముఖ్యంగా రావత్తు, ముందూ వెనకా తారుమారవుతుంటాయి, ఇంగ్లీషు మాటలు, అంకెలు ఉన్నచోట కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని పాడు చేస్తుంది. స్కాన్ చేసిన బొమ్మలనైతే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కుడి క్లిక్‌తో 'ఓపెన్ విత్ గూగుల్ డాక్స్' అంటే బొమ్మలోంచి తెలుగు టెక్స్ట్ తీసిస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే వస్తుంది, పాత లెటర్‌ప్రెస్ అచ్చయితే తప్పులు ఎక్కువ. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఒక్కో కాలమ్ కత్తిరించి ఎక్కించండి, లేకపోతే ఎడమ వరుసా కుడి వరుసా కలిసిపోతాయి.

సంచికలన్నీ ఒక్కసారి చేయలేరు కదా. విషయసూచికలతో మొదలుపెట్టండి. ఒక్కో సంచికకు ఒక మామూలు వెబ్ పేజీ, అందులో కథ పేరు, రచయిత పేరు, సంచిక నెల, ఒక్కో రచనకు రెండు వాక్యాలు, కింద పీడీఎఫ్ లింకు. పాత పత్రికలు వెతికేవాళ్లు రచయిత పేరుతోనే ఎక్కువ వెతుకుతారు, సగం అవసరం దీంతోనే తీరుతుంది.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఏసీ రిపేర్ చేస్తాం. హైదరాబాద్‌లోని నలభై ఏరియాలకు నలభై పేజీలు చేయిస్తే అన్నిచోట్లా వస్తామంటున్నారు. గూగుల్ మ్యాప్స్‌లో కూడా షాపు పేరు పక్కన 'బెస్ట్ ఏసీ రిపేర్ కూకట్‌పల్లి మియాపూర్ నిజాంపేట్' అని కలపమంటున్నారు. చేయమంటారా?
– మెకానిక్, హైదరాబాద్

జవాబు: రెండూ చేయకండి. ఏరియా పేరు ఒక్కటే మార్చి మిగతా అంతా అచ్చుగుద్దినట్టు ఉండే పేజీలను గూగుల్ 'డోర్‌వే' పేజీలంటుంది, అవి స్పామ్ కిందికి వస్తాయి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఊళ్ల పేర్లు వరసగా పేర్చడాన్నయితే కీవర్డ్ స్టఫింగ్‌కు ఉదాహరణగా తన నిబంధనల్లోనే రాసింది.

మ్యాప్స్‌లో పేరు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. బిజినెస్ ప్రొఫైల్‌లో బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది నిబంధన. అదనపు మాటలు కలిపితే పోటీవాళ్లు 'సజెస్ట్ యాన్ ఎడిట్' నొక్కి ఫిర్యాదు చేస్తారు, ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. సస్పెండైతే తిరిగి తెచ్చుకునేదాకా మ్యాప్స్‌లోంచి మీకు ఫోన్లు రావు. ఎండాకాలంలో అది ఎంత నష్టమో మీకే తెలుసు. కొంతమంది అలా కలిపి పైన ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. ఎన్నాళ్లుంటారో వాళ్లకూ తెలియదు.

పేరులో కుక్కాలనుకున్న మాటలకు అక్కడే సరైన గడులున్నాయి. ప్రైమరీ కేటగిరీలో ఏసీ రిపేర్ సర్వీస్ ఎంచుకోండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా చేస్తే అదనపు కేటగిరీలు తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. 'సర్వీస్ ఏరియా'లో ఇరవై ప్రాంతాల దాకా చేర్చవచ్చు. 'సర్వీసెస్'లో గ్యాస్ ఫిల్లింగ్, ఇన్‌స్టలేషన్, పీసీబీ రిపేర్ విడివిడిగా, ఛార్జీతో రాయండి. డిస్క్రిప్షన్‌కు 750 అక్షరాలిస్తారు, అందులో స్ప్లిట్, విండో, ఇన్వర్టర్ ఏవి చేస్తారో రాయండి. అయితే లోకల్ ఫలితాల్లో దూరం కూడా లెక్కే. ఎల్‌బీ నగర్‌లో వెతికినవాడికి కూకట్‌పల్లి షాపు పైన కనిపించకపోతే అది మీ కీవర్డుల తప్పు కాదు.

సైట్‌లో నలభై పేజీలకు బదులు పనిని బట్టి అయిదారు పేజీలు పెట్టండి. 'ఏసీలోంచి నీళ్లు కారడం' అనే పేజీలో డ్రెయిన్ పైపు మూసుకుపోవడం, ఫిల్టర్ మురికి పట్టడం, గ్యాస్ తగ్గి కాయిల్ మీద ఐస్ కట్టడం అని కారణాలు, ఒక్కోదానికి మీరు తీసుకునే డబ్బు. జనం టైప్ చేసేది ఇలాంటి బాధనే.

ప్రశ్న: పోటీ పరీక్షల సైట్ మాది. గ్రూప్-2 సిలబస్ మీద ఏటా కొత్త పేజీ పెడుతున్నాం. కొత్తది పైకి రావడం లేదు, పాతదే వస్తోంది. పాతదాంట్లో వివరాలు చెల్లవు. పైగా టీఎస్‌పీఎస్సీ పేరు టీజీపీఎస్సీగా మారింది. అన్ని పేజీల్లోనూ మార్చాలా?
– కంటెంట్ ఎడిటర్, హనుమకొండ

జవాబు: మీ పేజీలకు మీ పేజీలే పోటీ. సెర్చ్ కన్సోల్‌లో 'గ్రూప్ 2 సిలబస్' క్వెరీ మీద నొక్కి, 'పేజెస్' ట్యాబుకు మారండి. ఒకే క్వెరీకి రెండు మూడు యూఆర్ఎల్‌లు ఇంప్రెషన్లు పంచుకుంటుంటే అదే గొడవ. పాతదానికి ఏళ్ల తరబడి బయటి సైట్ల లింకులు చేరాయి, కొత్తదానికి ఏమీ లేవు.

యూఆర్ఎల్‌లో సంవత్సరం లేని ఒక పేజీ ఎంచుకోండి, లేకపోతే ఎక్కువ లింకులున్నదాన్ని తీసుకోండి. తాజా సిలబస్ మొత్తం అందులోకి తెచ్చి, మిగతావాటిని 301 రీడైరెక్ట్‌తో (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) దానికే మళ్లించండి. సైట్‌లోపలి మెనూలు, పాత వ్యాసాల్లో ఉన్న లింకులూ నేరుగా దీనికే మార్చాలి, చాలామంది ఈ పని మరిచిపోతారు. వచ్చే ఏడాది ఇదే పేజీలో వివరాలు మార్చి, టైటిల్‌లో సంవత్సరం మార్చండి. యూఆర్ఎల్ జోలికి పోకండి. తెలంగాణ పేజీని, ఆంధ్రప్రదేశ్ పేజీని మాత్రం కలపవద్దు. మాట ఒకటే అయినా అవి వేర్వేరు పరీక్షలు, టైటిల్‌లో కమిషన్ పేరు ముందుంటే అభ్యర్థికీ గందరగోళం ఉండదు.

పేరు మార్పు విషయానికొస్తే, 2024లో టీఎస్ కాస్తా టీజీ అయినా పాత అలవాటుతో వెతికేవాళ్లు ఇంకా ఉంటారు. టైటిల్‌లో టీజీపీఎస్సీ పెట్టి, మొదటి పేరాలో 'గతంలో టీఎస్‌పీఎస్సీ' అని ఒకసారి రాయండి. పాత నోటిఫికేషన్ల వార్తల్లో మార్చకండి, అప్పుడు ఆ పేరే ఉంది.

ప్రశ్న: తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో కీవర్డులు రాస్తే మనుషులకు కనబడవు, గూగుల్‌కు కనబడతాయి కదా?
– విద్యార్థి, కాకినాడ

జవాబు: కనబడతాయి. రంగు కూడా కనబడుతుంది. అందుకే అది దొరుకుతుంది. ఫాంట్ సైజు సున్నా పెట్టడం, తెర బయటికి తోసేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. నొక్కితే తెరుచుకునే ప్రశ్నజవాబుల పెట్టెలు మాత్రం తప్పు కాదు, వాటిని మనుషులు తెరవగలరు కనుక.

ప్రశ్న: యూట్యూబ్ వీడియోకు ట్యాగులు ఎన్ని పెట్టాలి?
– చేనేత వస్త్ర విక్రేత, పోచంపల్లి

జవాబు: ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతుంది, జనం స్పెల్లింగ్ తప్పు కొట్టే పేర్లకు తప్ప. ఆ సమయం టైటిల్ మీద పెట్టండి. వంద అక్షరాలిస్తారు, ఫోన్‌లో అంతా కనిపించదు. 'పోచంపల్లి ఇక్కత్: చేనేత, పవర్‌లూమ్ తేడా ఎలా గుర్తించాలి' అన్నది 'పోచంపల్లి చీరలు పోచంపల్లి పట్టు చీరలు న్యూ కలెక్షన్' కంటే నయం. హ్యాష్‌ట్యాగులు 60 దాటితే అన్నిటినీ పట్టించుకోవడం మానేస్తుంది.

ప్రశ్న: ఇప్పుడు గూగుల్ అర్థాన్నే గ్రహిస్తుందంటున్నారు. అలాంటప్పుడు కీవర్డులతో పనేముంది? ఉన్నా, మార్పు చేశాక ఫలితం ఎన్నాళ్లకు తెలుస్తుంది?
– ప్రకటనల ఏజెన్సీ ఉద్యోగి, విజయవాడ

జవాబు: భాషను అర్థం చేసుకునే బెర్ట్ అనే గూగుల్ మోడల్ 2019లో సెర్చ్‌లోకి వచ్చాక వాక్యంలో మాటల మధ్య సంబంధాన్ని గూగుల్ ముందుకంటే బాగా పట్టుకుంటున్న మాట నిజం. 'పాస్‌పోర్ట్ లేకుండా నేపాల్' అన్నదాంట్లో 'లేకుండా' ఎంత ముఖ్యమో దానికి తెలుసు. అయినా వెతికిన మాటలే పేజీలో ఉండటం అన్నిటికంటే ప్రాథమికమైన సంకేతమని సెర్చ్ ఎలా పనిచేస్తుందో వివరించే పేజీలో గూగుల్ ఇప్పటికీ రాస్తోంది. పేజీ ఏ ప్రశ్నకు జవాబో కీవర్డు చెబుతుంది. అందులో జవాబు ఉందో లేదో అది తేల్చదు, ఆ లెక్క వేరు. మీ క్లయింట్లకు నెలనెలా పంపే నివేదికలో 'కీవర్డ్ డెన్సిటీ' (పేజీలో కీవర్డ్ శాతం) అనే గడి ఉంటే తీసేసి, ఆ చోట 'ఈ పేజీ ఏ ప్రశ్నకు జవాబు' అని ఒక గడి పెట్టండి. నింపలేకపోయారా, ఆ పేజీ అక్కర్లేదేమో చూడండి.

ఇక రెండోది. మార్చిన పేజీని సెర్చ్ కన్సోల్‌లో 'యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్'లో పెట్టి 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కండి. గూగుల్ మళ్లీ వచ్చి చదవడానికి కొద్ది రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. పదేపదే నొక్కినా తొందరగా రాదు. చివరిసారి ఎప్పుడు చదివిందో అదే చోట 'లాస్ట్ క్రాల్' దగ్గర ఉంటుంది. మీరు మార్చిన తేదీ తర్వాతి తేదీ అక్కడ కనిపించేదాకా లెక్క మొదలుపెట్టకండి. కనిపించాక 28 రోజులు ఆగి, దాన్ని మార్పుకు ముందు 28 రోజులతో, అదే పేజీకి, అవే క్వెరీలకు పోల్చండి. ఈలోగా టైటిల్‌ను మళ్లీ మార్చవద్దు. టైటిల్, మొదటి పేరా, లింకులు మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తర్వాత చెప్పలేరు. అందుకే ఏ తేదీన ఏది మార్చారో క్లయింట్ షీట్‌లో ఒక వరసలో రాసిపెట్టండి.